లవీనా పంపిన తప్పుల ఉత్తరం

పెండ్రీ ద్వీపంలో చలికాలానికి మిగిలేది అరవై ఎనిమిది మంది. సరుకుల పడవ ఎప్పుడొస్తుందో, ఎప్పుడు రాదో, శనివారం చర్చిలో బీన్స్ విందుకు రొట్టె ఎవరి వంతో, ఎవరి కుక్క ఎవరి కోడిని పట్టిందో, ఇవన్నీ వాళ్లకు చేరవేసేది లవీనా డయర్ ఇంట్లో ఊరగాయ సీసాల గదిలో కింది అరలో కూర్చున్న ఒక నల్లపెట్టె. తెలిసినవాళ్లు దాన్ని మెయిల్ సర్వర్ అంటారు. లవీనా మాత్రం ఈనాక్ అంటుంది. ఈనాక్ ఆమె చిన్నాన్న. నలభై ఏళ్లు ఈ తీరమంతా ఉత్తరాల పడవ నడిపాడు. ఒక్క ఉత్తరం తడవనివ్వలేదు, ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. ఈ పెట్టె కూడా అంతే కాబట్టి ఆ పేరు దానికి అతికినట్టు సరిపోయింది.

లవీనాకు అరవై మూడేళ్లు. వయసులో ఉండగా అవతలి ఒడ్డున ఫోన్ల కంపెనీలో స్తంభాలెక్కే పని చేసింది, పద్దెనిమిదేళ్లు. ఓ మంచు పొద్దున స్తంభం మీది నుంచి జారి మోకాలు చిదగ్గొట్టుకున్నాక పుట్టిన చోటికే తిరిగొచ్చింది. ఆ ఏడాదే ద్వీపంలో సార్డీను చేపల కార్ఖానా మూతపడింది. దాని ఆఫీసులో పారేస్తున్న కంప్యూటర్‌ను చేపల బండిలో పెట్టుకుని, కుంటుకుంటూ ఇంటికి తోసుకొచ్చింది. పుస్తకాలు తెప్పించుకుని చదివి, ఆ పెట్టెకు ఉత్తరాలు పుచ్చుకోవడం, పంపడం నేర్పింది. ఇది జరిగి ఇరవై రెండేళ్లు. ఈలోగా ఈనాక్ ఒంట్లో భాగాలన్నీ మూడుసార్లు మారాయి గాని పని మారలేదు.

పని పట్ల లవీనాకు పట్టింపు ఎక్కువ. ఏ కబురైనా పంపే ముందు మూడుసార్లు పైకి చదువుతుంది. అందులో ఒకసారి చివరి మాట నుంచి మొదటికి, వెనక్కి. అలా చదివితే కన్ను మోసపోదట. ఆమె పంపిన కబురులో తప్పు పట్టినవాడు ఇంతవరకు ఆ ద్వీపంలో పుట్టలేదు. ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు.

అలాంటి ఈనాక్‌కు ఈ జనవరిలో గ్రహచారం పట్టుకుంది. ఇంటర్నెట్ తెచ్చే కంపెనీవాళ్లు సముద్రం అడుగున తీగ మార్చారు. తీగతో పాటు ఇంటర్నెట్‌లో ఈనాక్ ఇంటి నంబరు కూడా మారింది. ఆ కొత్త నంబరులో అంతకుముందు ఏ దొంగ కాపురమున్నాడో ఏమో, పాత అద్దెదారు చేసిన గొడవకు కొత్తవాణ్ని వీధంతా అనుమానంగా చూసినట్టు, పెద్ద పెద్ద మెయిల్ కంపెనీలు ఈనాక్ వంక అడ్డంగా చూడటం మొదలుపెట్టాయి.

లవీనా దగ్గరే సొంత మెయిల్ పెట్టె ఉంచుకున్నవాళ్లు తొమ్మిది మంది. వాళ్లలో ఇద్దరు పోయారు కూడా. వాళ్ల పెట్టెలు మూయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. పిల్లలూ, మెయిలే లేనివాళ్లూ పోను తతిమ్మా నలభై ఒక్క మందికీ ఊరికొచ్చిన మనవలు ఫోన్లు కొనిచ్చి, వాటిలో పెద్ద కంపెనీల మెయిల్ పెట్టిపోయారు. ఆ నలభై ఒక్క మందికే ఇబ్బంది. లవీనా చేయవలసినవన్నీ చేసింది. ఉత్తరం తనదేనని రుజువు చేసే సంతకం ఉంది. పేరును అడిగితే నంబరు, నంబరును అడిగితే పేరు ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి. ఈనాక్ రాసే చిట్టా తిప్పి చూస్తే ప్రతి ఉత్తరం ఎదుటా అవతలివాళ్ల జవాబు ఒకటే: తీసుకున్నాం. తీసుకున్నామన్నారే గాని తీసుకుని ఎక్కడ పెట్టారో చెప్పలేదు. పెట్టింది చెత్త ఉత్తరాలు పడేసే స్పామ్‌లో.

ఇది మార్చిలో బయటపడింది. నెలకోసారి ద్వీపానికి నర్సు పడవ వస్తుంది. అందులోనే రక్తం పరీక్షలు, టీకాలు, పంటి నొప్పులకు ఓ కుర్చీ, అన్నీ. ఆ నెల గాలి మారి పడవ ఒకరోజు ముందే వచ్చింది. ముందు రోజు మధ్యాహ్నం లవీనా అందరికీ కబురు పంపింది. తెల్లారి రేవులో తేలింది నలుగురు. ఒకరు లవీనా. ఇంకొకరు ఆమె మేనల్లుడు రోలాండ్ భార్య టెస్సా, చంకలో మూడు నెలల నెల్‌తో. మిగిలిన ఇద్దరూ తాడు కొనడానికి అటుగా పోతున్నవాళ్లు; వాళ్ల ఫోన్లలో చూస్తే కబురు స్పామ్‌లో పడి ఉంది.

నర్సు ఓడెట్ మంచి మనిషి. మాట కూడా మంచిగానే చెప్పింది. "చూడు లవీనా, ఇంత డీజిల్ తగలేసి నలుగురి కోసం వచ్చామంటే మా పైవాళ్లు ఊరుకోరు. వచ్చేసారి ఇరవై మందైనా కనబడకపోతే, ఇక మూడు నెలలకోసారే. నా చేతిలో లేదు."

టెస్సా ఆ మాట విని అక్కడికక్కడే వేళ్లు మడిచి లెక్కపెట్టింది. నాలుగో నెల టీకాలు, ఆరో నెల టీకాలు, బరువు చూపించడాలు. పడవ రాకపోతే పసిదాన్ని ఎత్తుకుని సరుకుల పడవలో గంటన్నర, అవతల కారులో ఇంకో గంట. అదీ సముద్రం ఒప్పుకుంటే. ఆమె మొహం చూసి లవీనా మనసులోనే తేల్చుకుంది. తప్పు గాలిది కాదు, నర్సుది కాదు. తన పెట్టెది.

టెస్సా ఒహాయో పిల్ల. అక్కడ విత్తనాలు పరీక్షించే ప్రయోగశాలలో పనిచేసేది. ఇప్పుడు పరీక్షించడానికి విత్తనాలు లేక కూతుర్ని పరీక్షిస్తోంది. నెల్ ఎన్నిసార్లు పాలు తాగింది, ఎన్నిసార్లు తుమ్మింది, తుమ్ముకూ తుమ్ముకూ మధ్య ఎంతసేపు, అన్నీ ఓ నోటుపుస్తకంలో గీతలు గీసి రాసుకుంటుంది. ఆ సాయంత్రం పిల్లనూ పుస్తకాన్నీ వెంటబెట్టుకుని లవీనా వంటింట్లో దిగింది.

"అత్తా, అందరికీ ఫోన్ చేసెయ్యలేమా?"

"ఎప్పుడు చేస్తావు? పగలంతా షెడ్లలో లాబ్‌స్టర్లు పట్టే బోనులు బాగుచేసుకుంటూ, పడవల అడుగులు గీకుతూ ఉంటారు. పోయినసారి పదిహేడు ఇళ్లకు చేశా. ముగ్గురెత్తారు. ఒకడు నన్ను ఇన్సూరెన్స్ అమ్మేదాన్ననుకుని తిట్టాడు."

"భోజనాల వేళకి?"

"ప్రతి ఇంట్లో మోకాళ్ల కథ పావుగంట వినాలి. ఏడో ఇంటికి పోయేసరికి ఎనిమిదవుతుంది. ఎనిమిదికి ఈ ఊరు గుర్రు పెడుతుంది."

"పోనీ, ఈ కబుర్ల పనంతా ఏదైనా పెద్ద కంపెనీకి అప్పగించేస్తే?"

"అప్పగించొచ్చు. రేపు మెయిల్ రాకపోతే ఎవర్ని అడుగుతావు? ఇప్పుడైతే నన్ను అడుగుతున్నావు, పైగా నా బిస్కెట్లు తింటున్నావు."

టెస్సా బిస్కెట్ కింద పెట్టింది. "సరే, ఇది చెప్పండి. మీ మెయిల్ నాకెందుకొస్తోంది? రోలాండ్‌దీ నాదీ ఒకే కంపెనీ, ఒకే ఇల్లు. ఆయనకు స్పామ్‌లో పడుతోంది, నాకు మాత్రం తిన్నగా వస్తోంది. తేడా ఏమిటి?"

"నువ్వు మంచిదానివి, వాడు వెధవ."

"అది కొలవలేం అత్తా."

ఇద్దరి ఫోన్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూశారు. కాసేపటికి తేడా కనబడింది. లవీనా ఏది పంపినా టెస్సా జవాబు రాసేది. పడవ ఆలస్యమంటే "అయ్యో, థాంక్స్ అత్తా!" అని, బీన్స్ విందంటే "వస్తున్నాం!" అని, చివర ఓ గుండె బొమ్మ. ఆ గుండె బొమ్మలు లవీనాకు మొదట్నుంచీ ఇబ్బందిగానే ఉండేవి. ఒహాయోలో నీళ్లు అలాంటివి కాబోలని సరిపెట్టుకుంది. రోలాండ్‌గాని మిగతా నలభై మందిగాని పుట్టి బుద్ధెరిగి ఒక్క జవాబు రాసిన పాపాన పోలేదు.

"అదే!" అంది టెస్సా. "ఉత్తరాలు పోవడమే గాని జవాబులు రావడం లేదు. అవతల కూర్చున్న యంత్రం అదే చూస్తోంది. మనుషులు మాట్లాడుకుంటుంటే ఇద్దరూ మాట్లాడాలిగా. ఒకరే మాట్లాడుతుంటే అమ్మకాలవాడనుకుంటుంది."

"మరి జవాబు దేనికి? పడవ ఆలస్యమన్నాను. విన్నారు. అయిపోయింది."

మౌనం అర్ధాంగీకారమని లోకం మాట. పెండ్రీలో అది పూర్తి అంగీకారం. ఊరి సభలో "అభ్యంతరాలున్నాయా?" అని అడుగుతారు. ఎవరూ దగ్గకపోతే తీర్మానం నెగ్గినట్టే. రోడ్డు మీద ట్రక్కులు ఎదురైతే స్టీరింగు మీది నుంచి ఒక వేలు లేస్తుంది. అదే నమస్కారం, అదే కుశలప్రశ్న, అదే వీడ్కోలు. అందిన కబురుకు అందిందని జవాబు రాయడమంటే అవతలి మనిషి పొద్దును వృథా చేయడం. అది మర్యాద కాదు.

అయినా ప్రయత్నించాలి కదా. మర్నాడు లవీనా దుకాణం తలుపుకు కాగితం అంటించింది. నా మెయిల్ స్పామ్‌లో పడుతోంది, వెతికి బయటకు తీయండి, దయచేసి ఒక జవాబు రాయండి, నర్సు పడవ కోసం.

ఊరు మాట విన్నది. వెతికింది. బయటకు తీసింది. జవాబు మాత్రం రాయలేదు. మూడోనాడు మెర్ల్ కార్వర్ అరమైలు ట్రక్కు నడుపుకుంటూ ఆమె వాకిట్లోకొచ్చి, ఇంజను ఆపకుండానే అద్దం దించాడు.

"వచ్చింది," అన్నాడు.

"సంతోషం మెర్ల్. ఆ ముక్కే మెయిల్‌లో రాయి."

"చెప్పాగా."

"నాకు కాదయ్యా, ఆ యంత్రానికి తెలియాలి."

"దానితో నాకేం పని?" అని మెర్ల్ అద్దం ఎత్తుకుని పోయాడు. మిగిలినవాళ్లు రోడ్డు మీద ఆమె ఎదురైతే ఒక వేలికి బదులు రెండు వేళ్లు ఎత్తారు. వారం తిరిగేసరికి వచ్చిన జవాబులు రెండు. ఒకటి టెస్సాది. రెండోది రోలాండ్ పేరుతో వచ్చింది గాని, చివర గుండె బొమ్మ చూసి అది ఎవరు రాశారో లవీనా కనిపెట్టేసింది.

నర్సు పడవకు ఇంకా పదహారు రోజులుంది. టెస్సాకు నిద్ర పట్టడం లేదు. నెల్‌కు పట్టని నిద్ర కూడా తనే లెక్కరాస్తోంది.

దారి దొరికింది దుకాణంలో, పొయ్యి పక్కన. లవీనా రొట్టె పిండికి ఈస్టు కొనడానికి వెళ్లేసరికి ఆల్టన్ బీల్ ఓ పత్రికను మోకాలి మీద పరిచి ఊగిపోతున్నాడు. ఆల్టన్‌కు ఎనభై ఒకటి. నోరు విప్పకుండా, భార్య కాన్పుల సంగతి కూడా పక్కింటివాళ్ల ద్వారా తెలియనిచ్చిన మనిషి.

"చూశావా లవీనా? ఒక తెరచాప స్తంభం ఉన్న పడవ బొమ్మ వేసి, రెండు స్తంభాల పడవ పేరు రాశారు! కళ్లు కావు, గుల్లలు. నిన్ననే వాళ్లకు ఉత్తరం రాశా. మూడు పేజీలు."

"మూడు పేజీలా?"

"నాలుగోది రాసేవాణ్నే. స్టాంపు చాలదన్నారు."

లవీనా ఈస్టు మర్చిపోయి ఇంటికి నడిచింది.

అలమర మీది పెట్టెలోంచి ఒక ఫోటో తీసింది. డెబ్భై నాలుగులో ఆమె తండ్రి పడవ క్లారిస్‌ను నీళ్లలోకి దించిన రోజు. వరసగా ఏడుగురు మగవాళ్లు, ఒక కుక్క. టెస్సాకు కబురంపింది.

"వీళ్ల చేత థాంక్స్ అనిపించలేం. తప్పు అనిపించొచ్చు," అంది. "అయితే ఆ తప్పు నేను చెయ్యాలి."

టెస్సాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అయ్యాక ఆమె కళ్లు చేటలంతయ్యాయి. "చెయ్యండి మరి!"

లవీనా కూర్చుని రాసింది. చాలాసేపు రాసింది. చూపిస్తే టెస్సా పెదవి విరిచింది.

"డెబ్భై నాలుగుకు బదులు డెబ్భై అయిదు. అంతేనా?"

"ఏడాది తప్పంటే చిన్నదా?"

"అత్తా, దీనికి ఆల్టన్ తాత కుర్చీలోంచి లేవడు. ఆ పడవ కట్టిందెవరు?"

"ఆల్టన్ వాళ్ల నాన్న. ఇక్కడే, ఇదిగో ఈ రేవులోనే."

"హాలెట్ ద్వీపం వాళ్లు కట్టారని రాయండి."

లవీనా చేతులు ఒళ్లోకి లాక్కుంది. హాలెట్ వాళ్లకూ పెండ్రీ వాళ్లకూ బోనులు వేసే చోటు గురించి మూడు తరాల పగ. "మా నాన్న సమాధిలోంచి లేచొస్తాడే!"

"వస్తే ఆయన చేత కూడా జవాబు రాయిద్దాం."

మళ్లీ రాసింది. పడవ పేరు తప్పు. కట్టినవాళ్లు హాలెట్ వాళ్లు. ఎడమ నుంచి మూడోవాడు మెర్ల్ మేనమామ అయితే ఇంకెవరి పేరో. కుక్క కూడా వేరే ఇంటిది. అలవాటు కొద్దీ మూడుసార్లు పైకి చదివింది. వెనక్కి కూడా చదివింది. తప్పులన్నీ ఎక్కడివక్కడ భద్రంగా ఉన్నాయి. ఇరవై రెండేళ్ల పేరు ఒక మీట కింద పెట్టి, కళ్లు మూసుకుని నొక్కింది. దుకాణం తలుపుకు కాగితం: పాత ఫోటో పంపాను, స్పామ్‌లో చూడండి.

నాలుగు నిమిషాలకు ఈనాక్ కిచకిచలాడాడు. ఆల్టన్ నుంచి. ఒకే మాట: కాదు.

ఇంకో నిమిషానికి రెండోది. "మా నాన్న కట్టాడు. హాలెట్ వాళ్లకు పడవ కాదు గదా, పీట కట్టడం చేతకాదు."

తర్వాత మెర్ల్. "ఆ మూడోవాడు మా మేనమామ. టోపీ చూడు. ఆ టోపీ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. కావాలంటే తెచ్చి చూపిస్తా."

ఆపైన తెరిపి లేదు. పడవ రంగు గురించి ఒకరు, ఇంజను గురించి ఇద్దరు, కుక్క గురించి తొమ్మిది మంది. ఫోన్ ముట్టనివాళ్లు భార్యల చేత రాయించారు. రెండు రోజుల్లో నలభై ఒక్క మందిలో ముప్ఫై ఏడుగురు జవాబిచ్చారు. లవీనా ఒక్కొక్కరికీ తిరిగి రాసింది: నిజమే, పొరపాటయింది. ప్రతిసారీ పన్ను పీకించుకున్నట్టే ఉండేది. టెస్సా మాత్రం పుస్తకంలో నెల్ తుమ్ముల పక్కనే కొత్త గీత గీసి, ఎవరి ఫోన్లో కబురు ఎక్కడ పడుతోందో ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చింది. పదో రోజుకు ముప్ఫై మందికి తిన్నగా వస్తోంది.

అయితే ఊళ్లో ఇంకో మాట పుట్టింది. మెర్ల్ భార్య ఆపిల్ పై పట్టుకొచ్చి, లవీనా వంక జాలిగా చూసి, పొయ్యి ఆర్పిందో లేదో చూసి మరీ వెళ్లింది. దుకాణంలో ఎవరో చిల్లర ఆమె చేతిలో రెండుసార్లు లెక్కపెట్టి పెట్టారు.

"మీకు మతి తప్పుతోందని అనుకుంటున్నారు అత్తా," అంది టెస్సా బాధగా. "చెప్పేద్దాం."

"ఇప్పుడు చెబితే రాయడం మానేస్తారు. అనుకోనీ." అని, బీన్స్ వంటకంలో బెల్లప్పాకం బదులు తేనె వేయమని ఇంకో కబురు పంపింది. దానికి వచ్చిన జవాబుల్లో కొన్ని పిల్లల ముందు చదవదగ్గవి కావు.

పడవ గురువారం రావాలి. మంగళవారం మధ్యాహ్నం ఓడెట్ ఫోన్ చేసింది. గాలి తిరుగుతోంది, రేపు పొద్దున్నే వచ్చేస్తాం, తొమ్మిదికల్లా వెళ్లిపోవాలి.

లవీనా రాసింది. ఈసారి నిజం. మూడుసార్లు చదివి పంపింది. దీనికెవరూ జవాబు రాయరు. ఇందులో దిద్దడానికేమీ లేదు. ఈనాక్ చిట్టాలో నలభై ఒక్కసార్లు అదే మాట: తీసుకున్నాం. దాన్ని నమ్మాలో లేదో తెలియక వంటింట్లో అటూ ఇటూ తిరిగి, పిండి కలిపి, ఉప్పు వేశానో లేదో గుర్తు రాక, ఒక్క క్షణం తన మతి మీద తనకే అనుమానం వచ్చింది.

తెల్లవారి ఏడున్నరకు టెస్సా పిల్లతో వచ్చింది. ఇద్దరూ కొండ వాలు దిగి రేవు మలుపు తిరిగారు. ట్రక్కులు. రేవు పొడుగునా, చేపల షెడ్డు దాకా, ఒకదాని వెనక ఒకటి, వాటి పక్కన మనుషులు. టెస్సా గబగబా లెక్కపెట్టింది. తప్పిపోతే మళ్లీ మొదలుపెట్టింది. ముప్ఫై నలుగురు. కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక నెల్ టోపీకే తుడుచుకుంది.

పడవ కట్టీ కట్టగానే మెర్ల్ ముందుకొచ్చి ఓడెట్‌తో గంభీరంగా అన్నాడు: "ముందు లవీనాను చూడండి. మాదేముంది, తర్వాత."

అందరూ పక్కకు తప్పుకుని దారిచ్చారు. కొందరు టోపీలు కూడా తీశారు. లవీనా వెళ్లి పడవ గదిలో నర్సు ఎదుట కుర్చీలో కూర్చుంది. తలుపు మూయడానికి వీల్లేకుండా గుమ్మంలో పది తలలు.

"ఇవాళ ఏ వారం లవీనా?" ఓడెట్ మెత్తగా అడిగింది.

"బుధవారం. పోటు తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకు. నైరుతి గాలి. నువ్వు తొమ్మిదికి బయల్దేరకపోతే బయట పడవు."

ఓడెట్ గుమ్మం వైపు చూసింది. "బాగానే ఉందే?"

"ఆ పడవ సంగతి అడగండి," అన్నాడు ఆల్టన్ వెనకనుంచి. "క్లారిస్‌ను ఎవరు కట్టారో అడగండి."

"మీ నాన్న కట్టాడు ఆల్టన్," అంది లవీనా. "డెబ్భై నాలుగు, జూన్ ఎనిమిది. నేను ఆ పక్కనే నిలబడి ఉన్నా. ఫోటోలో పడలేదంతే. కుక్క మీదే."

పడవ అడుగున నీళ్లు తపతపమంటున్నాయి. ఆల్టన్ పది తలల్నీ తోసుకుని లోపలికొచ్చాడు.

"అంటే తెలిసే రాశావా?"

"తెలిసే రాశా."

"హాలెట్ వాళ్లని?"

"హాలెట్ వాళ్లని."

"ఎందుకు?"

"నిన్న రాత్రి నీకు పడవొస్తోందని ఎలా తెలిసింది?"

"నీ మెయిల్ వచ్చింది."

"అందుకు."

ఆల్టన్ వెనక్కి తిరిగాడు. రేవు మీది వరసను చూశాడు. టెస్సా చంకలో కళ్లు టపటపలాడిస్తున్న పసిదాన్ని చూశాడు. మొదటి సూది ఎవరికన్నట్టు చుట్టూ చూసి, పక్కకు జరిగి కుర్చీ చూపించాడు.

"ముందు ఆ పిల్లకు వెయ్యండి," అన్నాడు. "పెద్దవాళ్లం ఎక్కడికి పోతాం."